అక్క చేతి రాగి గాజు

నా చిన్నప్పుడు కలకత్తా వాట్‌గంజ్‌లో మేమున్న ఇంట్లో కరెంటు తీగలు ఇనప చొక్కా తొడుక్కుని ఉండేవి. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. రేవుకి దగ్గర ఇల్లు. కింద గోనెసంచుల గోదాము, పైన రెండు అంతస్తుల్లో మనుషులం, మా అందరికంటే ఎక్కువ మంది ఎలకలు. వాటికి బియ్యం, పప్పు చాలవు. చెక్క పట్టీల మీద బిగించిన పాత రబ్బరు తీగల్ని కూడా రుచి చూసేవి. ఏదో ఒక గదిలో చిటపటమని మెరుపు, కాలిన వాసన, ఆ తర్వాత చీకటి, ఇది మాకు మామూలే. చివరికి ఇంటి యజమాని, ఒక ముసలి బెంగాలీ పెద్దమనిషి, విసిగిపోయి మా పెదనాన్నని పిలిపించాడు. దాదా, ఎలక పళ్ళకి లొంగని తీగ ఏదైనా ఉంటే వేసిపెట్టండి అని అడిగాడు.

పెదనాన్న అంటే మా నాన్నకి అన్న. లిలువా రైల్వే వర్క్‌షాపులో వైర్‌మన్. ఆదివారం వస్తే ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో పనిముట్ల సంచి పెట్టుకుని, నది దాటి మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. సంచి ఎందుకని మా అమ్మ అడిగితే, అది లేకపోతే నడక కుదరదనేవాడు. మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. శ్రీకాకుళం వదిలి ఎన్నేళ్ళైనా యాస మాత్రం ఒక్క అక్షరం అరగలేదు.

ఆయన చాలా ఆదివారాలు కష్టపడి ఇల్లంతా ఇనప తొడుగు కేబులు వేశాడు. లోపల రబ్బరు తీగలు, వాటి చుట్టూ ఉక్కు తొడుగు. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. మెట్ల మీద కూర్చుని చూసేదాన్ని. ఇప్పటికి ఎంతోమంది పనివాళ్ళని చూశాను గానీ అంత అందంగా పని చేసే చెయ్యి మళ్ళీ చూడలేదు. ముందు గోడ మీద సుద్దదారం లాగి కొట్టేవాడు. ఆ నీలం గీత మీదే కేబులు నడవాలి. మూల వచ్చిన చోట తొందరపడి వంచేవాడు కాదు, మోకాలికి ఆనించి, నెమ్మదిగా, చంటిపిల్ల చెయ్యి జుబ్బాలో దూర్చినట్టు తిప్పేవాడు. హాక్సాతో ఇనప తొడుగుని కోస్తే లోపలి రబ్బరుకి గీత కూడా పడేది కాదు. కోసిన అంచు చుట్టూ వేలు తిప్పి చూసుకుని, అక్కడ ఒక చిన్న ఎర్రటి కాలరు దూర్చేవాడు. చిటికెన వేలి గోరంత ఉంటుందది. ఇనప అంచు లోపలి తీగ గొంతు కొయ్యకుండా ఆ కాలరు. ఆ పైన తీగలు కలిసే పెట్టె మూత బిగిస్తే అది ఇంకెవరికీ కనపడదు. ఎవరూ చూడని దానికి అంత శ్రద్ధ ఏమిటో ఆ వయసులో నాకు అర్థం కాలేదు.

ఇంకొక పని చేశాడు. పెరట్లో నేలలో పాతిన గొట్టం నుంచి ఒక ఉత్త రాగి తీగని మెట్ల గోడ వెంట పై దాకా తీసుకెళ్ళి, ప్రతి అంతస్తులోనూ కేబులు ఇనప తొడుగుకి పట్టీతో బిగించాడు. అదెందుకని అడిగాను. లోపలి కరెంటు ఎప్పుడైనా తొడుగుకి అంటుకుంటే ఈ రాగి తీగ దాన్ని నేలలోకి దింపేస్తుందట. అప్పుడు ఫ్యూజు పోతుంది, ఇల్లు చీకటవుతుంది, మనిషి బతుకుతాడు. ఈ తీగ లేకపోతే తొడుగే పాము అవుతుందన్నాడు. విన్నాను. విన్నదాన్ని ఊరికే విన్నానని తర్వాత తెలిసింది.

పై అంతస్తులో ఉండేది ఒకే కుటుంబం. రేవులో పనిచేసే అన్న, వాళ్ళమ్మ, పెళ్ళై రెండేళ్ళైన ఆయన భార్య. ఆవిడే మా పై ఇంటి అక్క. ఇచ్ఛాపురం వైపు పిల్ల. నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది అక్కే. బడిలో మాకు బెంగాలీ, హిందీ తప్ప తెలుగు లేదు. సాయంత్రం పైకి వెళితే పలక మీద రాయించేది, నా జడ విప్పి మళ్ళీ అల్లేది, నేను చెప్పే ప్రతి పనికిమాలిన కబురూ మొదటిసారి వింటున్నట్టు వినేది. అక్క కోసం ప్రాణం ఇమ్మంటే ఇచ్చేదాన్ని, అలా అనుకునేదాన్ని మరి.

నాకు పదేళ్ళప్పుడు అక్కకి ఏడో నెల వచ్చింది. గాజులు తొడిగే వేడుక పెట్టారు. మా ఇంటివాళ్ళు, వీధిలో ఉన్న మన వైపు ఆడవాళ్ళు అందరూ మట్టిగాజులు, పువ్వులు తెచ్చారు. మా అమ్మ కూడా డజను గాజులు తెచ్చింది. అవి అమ్మ ఇచ్చినవి అవుతాయి, నావి కావు కదా అని నాకు రోషం. ముందు రోజు మెట్ల మీద కూర్చుని ఏడుపు మొహంతో ఆలోచిస్తుంటే, గోడ మీద రాగి తీగ ఎర్రగా మెరిసింది. ఆ మధ్యే గోడలకి సున్నం వేసినవాళ్ళు పట్టీ వదులు చేసి అలాగే వదిలేశారు. తీగ కొస నా చేతికి వచ్చేసింది. రెండో కొసని అటూ ఇటూ వంచి వంచి విరిచాను. మూరెడు తీగ. గూట్లో ఉన్న అప్పడాల కర్ర మీద రెండు చుట్లు చుట్టి, కొసలు రాయితో నూరి, చింతపండు పెట్టి తోమాను. బంగారంలా వచ్చింది. మర్నాడు అక్క చేతికి నేనే తొడిగాను. అన్ని గాజుల మధ్య దాన్నే పైకెత్తి అందరికీ చూపించింది అక్క. నాకు ఆ పూట అన్నం సయించలేదు, అంత సంతోషం.

తీగ ఎక్కడిదని ఎవరూ అడగలేదు. పిల్లలకి తీగలు, మేకులు ఎక్కడో అక్కడ దొరుకుతూనే ఉంటాయి.

తర్వాత వానలు పట్టుకున్నాయి. కలకత్తా వాన సంగతి మీకు తెలుసు, రోజుల తరబడి బట్ట ఆరదు. పై అంతస్తు వరండా పొడుగైనది, గాలి వస్తుంది. దాని గోడకి కాస్త ఎడంగా, నడుం ఎత్తున పెదనాన్న వేసిన కేబులు తిన్నగా సాగి ఉంటుంది. చూస్తే దండెంలాగే ఉంటుంది. ఇనప తొడుగు ఉంది, ఎలకే ఏం చేయలేకపోయింది, చీర ఏం చేస్తుందని మన ఆడవాళ్ళ ధైర్యం. అక్కావాళ్ళవే కాదు, మా తడి చీరలు కూడా పైకి పంపేవాళ్ళం. అన్నీ ఆరేసేది అక్కే. కుళాయి దగ్గర తడి నేల మీద ఉత్త కాళ్ళతో నిలబడి, నిండు కడుపుతో, ఆ కేబులు మీద.

ఒక రోజు అక్క ఆరేస్తూ ఆరేస్తూ చెయ్యి వెనక్కి లాక్కుంది. చేతిలో ఏదో జిల్లుమందని చెప్పింది. మర్నాడూ అదే మాట. అత్తగారు, అంటే మేమందరం మామ్మ అనే ఆవిడ, వచ్చి కేబులు మీద అరచెయ్యి వేసి చూసింది. ఆవిడకి ఏమీ కాలేదు. మళ్ళీ వేసి చూసింది. ఏమీ లేదు. ఇంక చూడండి, ఇంట్లో రోజూ అదే రామాయణం. కోడలికి బట్టలు ఉతకడం ఇష్టం లేదట, ఏడో నెలకే ఇన్ని వేషాలైతే తొమ్మిదో నెలకి మంచం దిగదట. వీధిలో ఇంకొకావిడ గాలి సోకిందేమో తాయెత్తు కట్టమంది. ఆ అన్న కూడా అమ్మ మాటకి ఎదురు చెప్పలేక, నీకు భయం ఎక్కువ అని భార్యనే మందలించాడు. అక్క చెప్పడం మానేసింది. సాయంత్రాలు పలక మీద నాకు రాసిపెడుతూ మధ్యలో ఆగి తన చేతి వేళ్ళని చూసుకునేది. నిజంగా నాకే ఏమైనా అయిందేమో అని ఒకసారి నన్నే అడిగింది. నేనేం చెబుతాను? పదేళ్ళ పిల్లని.

ఒక ఆదివారం పొద్దున్న పైనుంచి బిందె పడిన చప్పుడు, వెంటనే మామ్మ కేక. అందరం పరిగెత్తాం. అక్క నేల మీద కూర్చుని ఉంది, రెండు చేతులూ పొట్ట చుట్టూ పెట్టుకుని. మొహం సున్నంలా ఉంది. అదృష్టం కొద్దీ పక్కకి ఒరిగి కూర్చుంది గానీ బోర్లా పడలేదు. మా అమ్మ పట్టుకుని మంచం మీదికి చేర్చింది. బిడ్డ కదులుతోంది అని అక్క చెప్పేదాకా ఎవరూ ఊపిరి తీసుకోలేదు. అయినా మామ్మ గొణుగుడు ఆపలేదు. కాలు జారి పడి కరెంటు మీద పెడుతోందంది.

అప్పుడే పెదనాన్న సంచితో మెట్లెక్కి వచ్చాడు. మామ్మ ఆయన ముందు పంచాయితీ పెట్టింది. ఆయన వేసిన తీగ మీద నింద కాబట్టి ఆయన తనవైపే ఉంటాడని ఆవిడ ధీమా. కేబులు మీద అరచెయ్యి ఆనించి, "నాకేటీ నేదు సూడు. నీ పనికే వంక పెడతన్నాది" అంది.

పెదనాన్న కేబులు చూడలేదు, ఆవిడ కాళ్ళ వైపు చూశాడు. మామ్మకి మడమలు పగిలి రక్తం కారేవి. అందుకని ఇంట్లో కూడా దళసరి రబ్బరు చెప్పులు తీసేది కాదు. వంటింట్లో సైతం అవే. ఇంట్లో అలా తిరిగే హక్కు ఆవిడ ఒక్కర్తికే ఉండేది.

"అప్పా," అన్నాడు పెదనాన్న. మా వైపు అప్ప అంటే అక్క. "ఆ చెయ్యి తీసెయ్యి. తీసి దూరంగా నిలబడు."

సంచిలోంచి ఒక బల్బు తీశాడు. దాని హోల్డరుకి రెండు తీగలు. ఒక తీగ కుళాయికి చుట్టాడు. రెండో తీగని, రబ్బరు పిడి పట్టుకుని, కేబులు ఇనప తొడుగుకి ఆనించాడు. పట్టపగలు, మబ్బు వెలుతురులో, బల్బు వెలిగింది. ఏ స్విచ్చూ లేదు, ఏ ప్లగ్గూ లేదు. కుళాయికి, గోడకి మధ్య గాలిలో ఆ బల్బు అలా వెలుగుతూ ఉంటే వరండాలో అందరం గోడకి దూరంగా జరిగాం.

"ఇన్నాళ్ళూ ఈ బల్బున్న చోట నీ కోడలు నిలబడ్డాది," అన్నాడు.

కోపంగా అనలేదు. గట్టిగా కూడా అనలేదు. కానీ మామ్మ మొహం చూడాలి. ఆవిడ లోపలికి వెళ్ళింది. మంచం దగ్గర తన రబ్బరు చెప్పులు విప్పి కోడలి కాళ్ళ ముందు పెట్టింది. క్షమించమని నోటితో అడగడం ఆ తరం అత్తలకి రాదు. అక్క ఆ చెప్పులు చూసి అప్పుడు ఏడ్చింది. పడినప్పుడు ఏడవలేదు, తన మాట నమ్మినప్పుడు ఏడ్చింది.

పెదనాన్న కిందికి వెళ్ళి మెయిన్ ఆపేసి వచ్చాడు. వరండా చివర పెట్టె మూత తీస్తే సంగతి సగం తెలిసింది. తడి చీరల బరువుకి కేబులు పెట్టెలోంచి బయటికి జారింది. ఎర్ర కాలరు ఊడి అడుగున పడి ఉంది. ఇనప అంచు రబ్బరులోకి దిగబడింది. ఆ చిన్న ఎర్ర ముక్కని అరచేతిలో పెట్టుకుని ఆయన కాసేపు చూశాడు. అది ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది.

కానీ ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంతే అయితే మనిషికి కొట్టకూడదు, ఫ్యూజు పోవాలి. నేలలోకి దిగే ఎర్తు దారి ఎక్కడో తెగిందన్నాడు. అంతవరకూ నిజంగా నాకు తట్టలేదు. ఒట్టు. ఆ రాగి తీగనీ అక్క చేతినీ కలిపి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

పెదనాన్న దగ్గర ఒక సబ్బు పెట్టె ఉండేది. అందులో రెండు టార్చి సెల్సు, ఒక చిన్న బల్బు, బయటికి రెండు తీగలు. ఒక తీగకి ఇంకా పొడుగు తీగ కలిపి, దాని కొసని పెరట్లో గొట్టానికి కట్టి వచ్చాడు. రెండో తీగని దారి పొడుగునా రాగికి తాకిస్తూ పైకి రావాలి. దారి ఉన్నంతవరకూ బల్బు వెలుగుతుంది. దారి లేని చోట వెలగదు. ఇంత చెప్పి పెట్టెని నా చేతిలో పెట్టాడు.

"గుంటా, నువ్వెల్లు. ఎక్కడిదాకా దారున్నాదో సూసి సెప్పు."

ఆయనకి అప్పటికే తెలుసని ఇప్పుడు నాకు తెలుసు. అక్క మంచం మీద ఉండగా ఆ చేతిని ఆయన చూశాడు. రాగి తీగని చూసి దాని మందం చెప్పగలిగే మనిషి. కానీ నన్ను ఒక్క మాట అడగలేదు.

నేను పెరట్లో మొదలుపెట్టాను. వెలిగింది. మొదటి మెట్టు దగ్గర వెలిగింది. మా గుమ్మం దగ్గర వెలిగింది. ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే ఆ బుల్లి బల్బు వెలుగుతున్నకొద్దీ నాకు భయం ఎక్కువైంది. ఆయన నా వెనకాలే వస్తున్నాడు, పొడుగు తీగ వదులుతూ. పై మలుపు దగ్గర తీగ ఆగిపోయింది. అక్కడ గోడ మీద మూరెడు మేర సున్నం చార తప్ప ఏమీ లేదు. ఖాళీకి అవతల ఉన్న రాగి ముక్కకి తాకించాను. వెలగలేదు. మళ్ళీ తాకించాను.

"నేనే పెదనాన్నా," అన్నాను. "అక్కకి గాజు చేశాను."

ఆయన మెట్టు మీద నా పక్కన కూర్చున్నాడు. నేను ఎక్కెక్కి ఏడుస్తుంటే ఆపమనలేదు. చాలాసేపటికి, "పిల్ల సెయ్యి అందే సోట కట్టినాను. సున్నం ఏసినాక వొచ్చి సూడనేదు. అది నా తప్పు. దాన్ని నాను సూసుకుంటాను. నీది నువ్వు సూసుకో," అన్నాడు.

చూసుకోవడం అంటే ఏమిటో ఆయన చెప్పలేదు. నాకు తెలిసింది. లేచి లోపలికి వెళ్ళాను. అక్క ఒక్కతే ఉంది. గాజు ఇచ్చెయ్యమని అడిగాను. ఇచ్చిన గాజు మళ్ళీ అడుగుతావేటే అని నవ్వబోయింది. వేడుకలో తొడిగిన గాజులు పురుడయ్యేదాకా తీయకూడదని మాలో పట్టింపు. నాకూ తెలుసు. అయినా నిలబడి మొత్తం చెప్పాను. తీగ ఎక్కడ విరిచానో, అది అక్కడ ఎందుకు ఉందో, అది లేక ఏమైందో. చెప్పేటప్పుడు అక్క కళ్ళలోకి చూడలేకపోయాను, ఆ గాజు వైపే చూస్తూ చెప్పాను.

అక్క లేచి కూర్చుంది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆఖరికి ఆ రెండు చుట్ల గాజుని మెల్లగా, మిగతా గాజులు చిట్లకుండా తీసి నా చేతిలో పెట్టింది.

"అక్కడున్నా నాదే కదేటి. నన్నే కాస్తాది. పట్టుకెల్లు," అంది. తర్వాత ఇంకొక మాట, ఇంకా చిన్నగా, "ఇంకెవ్వరికీ సెప్పకు. నానూ సెప్పను."

పెదనాన్న సంచిలో కొత్త రాగి తీగ ఉంది. ఒకసారి వంగి విరిగిన తీగకి ఆయన పని అప్పజెప్పడు. కొత్తది వేసి రెండు వైపులా కొత్త పట్టీలు బిగించాడు. ఆ తర్వాత నా గాజుని చెక్కసుత్తితో సాపు చేసి, గరుకు కాగితంతో నాచేతే రుద్దించి, కొత్త తీగ పక్కనే దాన్ని కూడా కట్టాడు. కొత్తది పనికి, పాతది నీకు అన్నాడు. ఆఖరి నట్టు నాచేతే తిప్పించాడు. పిల్లలకి అందకుండా దాని మీద గొట్టం తొడుగుతాడేమో అనుకున్నాను. తొడగలేదు. సబ్బు పెట్టె నా ఒళ్ళో పెట్టి, ఈ దారికి ఇకమీద నువ్వే కాపలా అన్నాడు.

కేబులు దెబ్బతిన్న కొస కోసేసి, వరండా పెట్టెలో కొత్త ఎర్ర కాలరు పెట్టి, చీరలకి వేరే కొబ్బరి తాడు కట్టి, మెయిన్ వేసి, అప్పుడు భోజనానికి కూర్చున్నాడు. ఏమైందని నాన్న అడిగితే, తీగ తెగితే వేశానన్నాడు. అంతే. ఎవరు తెంచారని ఎవరో అంటే, పప్పు ఇంకొంచెం వడ్డించమన్నాడు.

దుర్గా పూజ ముందు అక్కకి ఆడపిల్ల పుట్టింది. పెళ్ళై ఆ ఇల్లు వదిలేదాకా ప్రతి నెలా మొదటి ఆదివారం సబ్బు పెట్టె పట్టుకుని పెరటి నుంచి పై వరండా దాకా మెట్లెక్కాను. ఒక్కసారి కూడా మానలేదు, జ్వరం వచ్చినప్పుడు తప్ప. తప్పు చేసిన పిల్లకే ఇంటి ప్రాణాలు అప్పజెప్పి వెళ్ళిపోయిన ఆ పొట్టి మనిషిని తలుచుకోని ఆదివారం ఇప్పటికీ లేదు. పెద్దవాళ్ళు చాలామంది తెలుసు నాకు. పెద్దమనసు అంత చప్పుడు లేకుండా ఉండడం ఆయన దగ్గరే చూశాను.

ఇప్పుడు నేను లిలువాలో కొడుకు ఫ్లాటులో ఉంటున్నాను. అన్నీ గోడల్లోపలే తీగలు. మరమ్మతుకి వచ్చే మిస్త్రీ కుర్రాడు నన్ను మాశీమా అంటాడు, మన పిన్నిగారూ అన్నట్టు. ఎర్తు చూపించమని నేను వేధిస్తే లోపల్లోపల తిట్టుకుంటాడు కాబోలు, కానీ చూపిస్తాడు. ఇంట్లో ఎవరైనా నొప్పి అన్నా, బాధ అన్నా, నాకేమీ లేదే అనే మాట నా నోటి దాకా వస్తుంది. అప్పుడు నా కాళ్ళకి ఏం తొడుక్కున్నానో ముందు చూసుకుంటాను.

వాట్‌గంజ్ ఇల్లు పడగొట్టేటప్పుడు వెళ్ళి ఆ పాత రాగి తీగని అడిగి తెచ్చుకున్నాను. అప్పడాల కర్ర మీద మళ్ళీ రెండు చుట్లు చుట్టాను. ఇప్పుడది నా చేతికే ఉంది. అందరూ వాతానికా అంటారు. అవునంటాను.

అక్క పోయి ఏడాది దాటింది. చెప్పనన్న మాట చివరిదాకా చెప్పలేదు. అప్పుడు కడుపులో ఉన్న ఆ పిల్ల ఇప్పుడు టికియాపారాలో ఉంటుంది, తనకే మనవలు. నన్ను పిన్నీ అని పిలుస్తుంది. మొన్న వచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుని ఆ గాజు తిప్పుతూ, మోకాళ్ళ నొప్పులు తగ్గాయా పిన్నీ అని అడిగింది. ఆ రోజు నుంచి నిద్ర సరిగ్గా లేదు, అందుకే ఇదంతా కూర్చుని రాశాను. దానికి మాట్లాడడమే గానీ తెలుగు చదవడం రాదు. వచ్చే ఆదివారం వస్తానంది. ఎదురుగా కూర్చోబెట్టుకుని, మొదటి ముక్క నుంచి, నేనే చదివి వినిపించాలి.